వెండి బట్టలవాళ్ల దర్జీ

పదకొండు మంది చదువుకున్నవాళ్లను ఒక దర్జీ ఇంట్లో చాప మీద కూర్చోబెట్టి, నాతో పాటు వాళ్లనూ నవ్వులపాలు చేసిన ఘనత నాది. ఇది చదివాక సీతాఫల్‌మండి వచ్చి ఎవరినీ ఆరా తీయకండి. అక్కడ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఎగిరే పళ్లేలను నమ్మేవాళ్ల వాట్సాప్ గ్రూపులో మహా చురుకైన సభ్యురాలిని. మిలిటరీ కంటోన్మెంట్ గోడ వెనక ఏదో దాచారని మా గట్టి నమ్మకం. ఆధారమా? గోడ అంత ఎత్తుగా ఉండడమే.

పక్కింటి యాదగిరి తాత ఆ గోడ లోపలే దర్జీగా చేసి రిటైరయ్యాడు. ఓ సాయంత్రం నా చుడీదార్ కుట్లు విప్పుతూ, "వెండి బట్టలోళ్లకు సుత నేనే కుట్టిన బిడ్డా" అన్నాడు.

నా గుండె లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో సమ్మెటలా మోగింది.

"వాళ్ల ముఖం ఎలా ఉంటుంది తాతా?"

"యాడ కనబడ్తది? తల మొత్తం కప్పుకుంటరు. ముందర అద్దముంటది."

"చేతికి వేళ్లెన్ని?"

"తొడుగుకు రెండే. బొటనవేలొకటి, కడమయి అన్ని కలిపి ఒకటి."

'రెండే' దగ్గరే నా చెవులు పనిచేయడం మానేశాయి.

నెల రోజులు రోజూ సాయంత్రం వెళ్లాను. ఆయన రోజుకింత చెప్పి, "రేపు రా, ఇంకోటి చెప్త" అనేవాడు. ఆఖరికి గ్రహాంతరవాసుల దర్జీ దొరికాడని గ్రూపులో ప్రకటించేశాను. ఆదివారం పొద్దున్నే అందరూ దిగారు.

గ్రూపు పెద్ద భాస్కర్ గారు ఫోన్‌లో రికార్డింగు పెట్టి, "వాళ్లు ఎక్కడి నుంచి వచ్చేవారండీ?" అని మెల్లగా అడిగారు.

తాత తల దించుకున్నాడు. టీ తెస్తున్న ఆయన భార్య, అవ్వ, జవాబిచ్చింది.

"యాడికెల్లి వస్తరు, లోపల ఫైర్ స్టేషన్‌కెల్లి. మంటలార్పెటోళ్ల సూట్లు. చినిగితే ఈయననే కుడుతుండె."

అప్పుడే ఓ పళ్లెం వచ్చి నన్నెత్తుకుపోతే బాగుండుననిపించింది. ఒక్కటీ రాలేదు.

"మరి నాకు చెప్పలేదేం తాతా?"

"రెండో దినమే చెప్దామనుకున్న. ఫైరోళ్లంటే నువ్వు మళ్ల రావేమో అనిపించింది. రిటైరైనంక నా పని గురించి గింత దిల్ పెట్టి ఎవ్వరడగలే."

"అయిదు కాంగనే తల దువ్వుకొని కూసుంటుండె, నువ్వొస్తవని" అంది అవ్వ.

అందరూ చాప వైపే చూస్తున్నారు. భాస్కర్ గారు దగ్గి, "అంత మందం గుడ్డలో సూది ఎలా దిగేదండీ?" అన్నారు. తాత ముఖం వెలిగింది. మధ్యాహ్నం దాకా చెప్పాడు. ఒక్కరూ కదల్లేదు. వాళ్లు వెళ్లే ముందు తాత టేపు తీసి భాస్కర్ గారి కాలికి పెట్టి చూశాడు.

మా గ్రూపు చరిత్రలో కొలతలతో సహా రుజువైన సంగతి అదొక్కటే: భాస్కర్ గారి ప్యాంటు రెండంగుళాలు పొడుగు.

అందుకే ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను. ఇకమీదట సాక్షాత్తు అంగారకుడి నుంచే ఎవరైనా మా డాబా మీద దిగినా సరే, "ఏం పని చేస్తావు నాయనా" అని అడిగి, టీ ఇచ్చి, తాపీగా విన్నాకే గ్రూపులో పెడతాను.