లాగ్ బుక్కులో నేను రాసిన రెండు మాటలు

1937 జూన్‌లో పత్తికొండ తట్టు ఒక ఊళ్లో ఆడపిల్లల బడికి నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. ఊరి పేరు రాయను. రాస్తే గుర్తుపట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. మూడు గదులు, ఒక వసారా, నలుగురు టీచర్లు, ఈరమ్మ అనే ఆయా, అంతే బడి. ఊరి పెద్దలు కమిటీగా చేరి నడిపేవాళ్లు. వాళ్ల తరఫున సర్కారుతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే ఆయన్ను కరెస్పాండెంట్ అంటారు. మా కరెస్పాండెంట్ ఒక ప్లీడరు. ఆయనతో వారానికొకసారైనా వాదన పెట్టుకోకపోతే నాకు తోచేది కాదు.

ఈ సంగతి అర్థం కావాలంటే మా పనిలో రెండు మాటలు తెలియాలి. ఒకటి ప్రొబేషన్. కొత్త టీచరును ఆరునెలలు పరీక్షగా చూసి, నచ్చితే కన్ఫర్మేషన్ ఆర్డరు ఇస్తారు. నచ్చకపోతే ఆ ఆరునెలల్లో ఎప్పుడైనా కారణం చెప్పకుండా పంపెయ్యొచ్చు. రెండోది లాగ్ బుక్. బడిలో జరిగిన ముఖ్యమైన విషయాలన్నీ హెడ్‌మిస్ట్రెస్ తన చేత్తో రాసే పుస్తకం. పేజీలకు వరుస అంకెలుంటాయి. కాగితం చించకూడదు, రాసింది కొట్టెయ్యకూడదు. ఇన్‌స్పెక్ట్రెస్ బండి దిగగానే ముందు అడిగేది దాన్నే.

సుగుణమ్మ జూన్ నెల నడిమిలో చేరడానికి వచ్చింది. క్రైస్తవుల పిల్ల. మిషను బడిలో చదివి ట్రెయినింగ్ అయింది. ఇరవైరెండేండ్లుంటాయి. సన్నటి మనిషి, కొంగు భుజం చుట్టూ నిండుగా కప్పుకొని నిలబడింది. మొగుడు బండల గనిలో పనిచేస్తూ కాలు నుజ్జయి మంచాన ఉన్నాడు. ఈ ఉద్యోగం తప్ప ఆ ఇంటికి వేరే ఆధారం లేదని దరఖాస్తులోనే రాసింది.

"పిల్లలా?" అన్నాను.

"ఇంకా లేరమ్మా."

"మంచిది. పోయినేడు ఒకామె చేరిన నాలుగో నెలకే పురుడని పాయ. క్లాసును ఎవరు చూడాల, నేనా, ఈరమ్మనా? అట్లా కడుపుతో చేరదామనుకొనే వాళ్లను నేను తీసుకోను. చేరినాక చెప్పేవాళ్లను అసలు ఉండనీను."

మగవాళ్ల కమిటీతో వాదించి గెలిచే మనిషినని నాకు పేరు. ఆడవాళ్లు చదవాలి, ఉద్యోగాలు చెయ్యాలి అని సభల్లో మాట్లాడేదాన్ని. ఆ నోటితోనే ఈ మాట అన్నాను. ముందు చెప్తే తీసుకోను, తరువాత చెప్తే ఉంచను. మరి ఎప్పుడు చెప్పాల? అది నాకు తోచలేదు. ఆమెకు తోచింది. తల వంచుకొని సంతకం చేసింది.

ఒకటో తరగతి ఇచ్చాను. ఇంత మంచి టీచరు నా కింద అంతకుముందు పనిచెయ్యలేదు. పలక లేని పిల్లలకు వసారాలో ఇసుక పరిచి, వేలు పట్టి దిద్దించేది. ఏడ్చే పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని మిగతా వాళ్లకు పాఠం చెప్పేది. ఆగస్టుకల్లా పిల్లలు నన్ను చూస్తే బెదిరేవాళ్లు, ఆమెను చూస్తే మీదికి ఎగబడేవాళ్లు.

సెప్టెంబరులో బలపాల గొడవ మొదలైంది. బీద పిల్లల కోసం ఒకటో తరగతిలో ఒక రేకు పెట్టెలో బలపాలు ఉంచేవాళ్లం. ఆ ఏడు పెట్టె నింపిన వారానికే అడుగు కనపడింది. మళ్లీ నింపాను, మళ్లీ అంతే.

"ఏమే ఈరమ్మా, బలపాలు యాడికి పోతాండాయి?"

"ఎవురో ఒకరు తింటాంటార్లేమ్మా," అని నవ్వింది ఈరమ్మ.

నాకు నవ్వు రాలేదు. ఆమె అన్నది పిల్లల మాట అనుకున్నాను. క్లాసుకు పోయి, పిల్లల ముందరే పెట్టె తెరిచి సుగుణమ్మను అడిగాను. ఈ పిల్లల్లో ఎవరో దొంగ ఉండాది, తేల్చు అన్నాను. ముందు వరుసలో ఒక పిల్ల అప్పటికే బిక్కమొహం వేసింది.

"పిల్లోళ్లు కాదమ్మా. నేనే తీసుకపోయినా," అంది సుగుణమ్మ.

"ఎందుకు?"

"ఇంటికాడ... పక్కింటి పిల్లోళ్లకు ఇచ్చినా."

"అడిగి తీసుకోడానికి నోరు లేదా?"

సుగుణమ్మ పెట్టె మూత వేసింది. నేను నా గదికి పోయి, కోపం చల్లారకముందే లాగ్ బుక్ తీశాను. 'ఒకటో తరగతి ఉపాధ్యాయిని పాఠశాల బలపములు అపహరించినట్లు స్వయముగా ఒప్పుకొన్నది.' సంతకం పెట్టి, తేదీ వేసి, అద్దుడు కాగితం ఒత్తాను.

ఈరమ్మ నీళ్లకుండ దించుతూ, "ఏం రాసినావమ్మా?" అంది. చెప్పాను. కుండ అట్లే పట్టుకొని నిలబడింది.

"అంత చదివితివి గదమ్మా. కడుపుతో ఉండే ఆడది బలపం కొరకతాదని నీకెవురూ చెప్పలేదా? మా ఈది ఆడోళ్లు గోడ మన్ను తింటారు. ఆ యమ్మ చదువుకునింది గదా, బలపం తింటాంది. నాకు జులాయి నెలలోనే తెలుసు."

"నాకెందుకు చెప్పలేదే?"

"నీకా?" అంది ఈరమ్మ. కుండ దించి బయటికి పోయింది. అనాల్సింది ఆ ఒక్క మాటలోనే ఉంది.

బడి వదిలినాక సుగుణమ్మను కూర్చోబెట్టాను. ఎన్నో నెల అంటే, ఆరో నెల అంది. లెక్క వేసుకుంటే చేరేనాటికే రెండు నెలలు దాటాయి.

"ఎప్పుడు చెప్దామనుకొంటివి?"

"డిసెంబరులో ఆర్డరు వస్తాది గదమ్మా. అది చేతికిచ్చిన దినమే చెప్దామనుకొంటి. క్రిస్మస్ సెలవుల్లో కాన్పయితాది. బడి తెరిచేతలికి వచ్చేస్తా. ఒక్క దినం కూడా సెలవు అడిగే పని లేదు."

"తొమ్మిదో నెల కడుపు కొంగు కింద దాగతాదా, పిచ్చిదానా?"

"గనిలో మా వాళ్లు నొప్పులొచ్చి గంప దించే దినం దాకా ఎవురికీ చెప్పరమ్మా. నేను సన్నముండాను గదా, దాగతాదనుకొంటి."

"దొంగ అని ఎందుకు ఒప్పుకొంటివి? ఆ మాట కంటే ఈ మాట మేలు కాదా?"

ఆమె గోళ్ల సందున బలపం పొడి దులుపుకుంది. "దొంగతనమైతే ఈసారికి తిట్టి ఇడిసిపెడతారనుకొంటినమ్మా. కడుపు తిడితే పోయేది కాదు గదా."



లాగ్ బుక్ మేజా మీదే ఉంది. దొంగతనం మాటను కొట్టెయ్యడానికి లేదు. దాని కింద ఇంకో వాక్యం రాయొచ్చు. దొంగ కాదని రాయాలంటే కడుపుతో ఉందని రాయాల. అది రాయకపోతే దొంగగా నిలిచిపోతుంది. ఏది రాసినా ఉద్యోగానికి ముప్పే. ఆ రెంటిలో ఏది కావాలో ఆమెనే అడగాల్సి వచ్చింది.

"రెండోది కూడా రాయండమ్మా," అంది. "అదన్నా నిజం."

రాశాను, చేరేనాటికే కడుపుతో ఉందని, బలపాలు అందుకే తిన్నదని. ప్లీడరుగారు మరుసటి శనివారం వచ్చి రెండూ చదివారు. నేను గంటసేపు వాదించాను. ఈమె చేతికింద పిల్లలు ఎంత నేర్చారో చూడమన్నాను. మీ ఇంటి ఆడవాళ్లు కాన్పు దినం దాకా పొయ్యి దగ్గర నిలబడ్డం లేదా, అది పని కాదా అన్నాను. సెలవే అడగని మనిషిని ఏ నేరానికి పంపుతారన్నాను. ఆయన పుస్తకం మూశారు.

"మీ మాట కాదనలేనమ్మా," అన్నారు. "అయినా మొదటి వాక్యం దొంగతనం, రెండోది దాపరికం. రెండూ మీ చేతి రాతే. ప్రొబేషన్‌లో ఉండే మనిషికి నేను కారణం చెప్పాల్సిన పని కూడా లేదు." అని ఆమెను తీసేసే కాగితం మీద సంతకం చేశారు. నా బతుకులో అంత బాగా గెలిచిన వాదన ఇంకోటి లేదు.

సుగుణమ్మ వెళ్లేటప్పుడు ఒకటో తరగతి గదిలో ఇసుక చదును చేసి పోయింది. క్రిస్మస్ తరువాత ఆడపిల్ల పుట్టిందని ఈరమ్మ చెప్పింది. ఎండలు ముదిరాక, ఆమె కూలికి పోతున్న గని దగ్గరికి పోయి చూశాను. బండలు చెక్కే దుమ్ముతో ఆమె చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. పిల్ల చింకి చీర ఉయ్యాల్లో పడుకొని ఉంది. ఇంకో బడికి కూడా సిఫారసు రాస్తానన్నాను.

"రాస్తిరి గదమ్మా, రెండు బళ్లకు. పోయిన బడిలో ఎందుకు తీసేసినారని అడుగుతారు. నేనేం చెప్పాల?" అంది. కోపంగా కాదు. నిజంగానే అడిగింది. అడిగి, గంప ఎత్తుకుంది.

పదేండ్లయింది. నేనిప్పుడు వేరే ఊళ్లో, వేరే బడిలో ఉన్నాను. కొత్తగా చేరిన ప్రతి టీచరుకూ మొదటి రోజే చెప్తాను: కడుపుతో ఉంటే నాతో చెప్పు, నేను పుస్తకంలో ఎక్కించను, కమిటీకి ఎప్పుడు చెప్పాలో ఇద్దరం ఆలోచిద్దాం అని. అందరూ తల ఊపుతారు. ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు. అడిగేది నేనే, లాగ్ బుక్ రాసేదీ నేనే. ఆ చేతిని ఎవరు నమ్ముతారు? కుర్చీలో కూర్చున్న మనిషి మొదటి రోజు ఒక మాట అంటే, దాన్ని తరువాత ఎంత మంచి మాటతోనూ వెనక్కు తీసుకోలేమని ఈ ఉద్యోగం నాకు నేర్పింది. నేర్చుకున్నాను గానీ, ఆ నేర్చుకున్నది సుగుణమ్మకు పనికిరాలేదు.

ఈ నెలలో మా ఒకటో తరగతి పెట్టెలో బలపాలు తగ్గుతున్నాయి. కొత్త టీచరు జూన్‌లో చేరింది. కొంగు నిండుగా కప్పుకుంటుంది. నేను పెట్టె నింపుతున్నాను. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఎదురుపడితే ఇద్దరం ఎండల గురించి మాట్లాడుకుంటాం.