బురద మధ్యలోంచే

పెర్త్ శివారు అడవి దారుల్లో మాకు గుర్రపు స్వారీ మర్యాదలు నేర్పిన ఆంటీ ఒకరుండేవారు. దారిలో బురద ఎదురైతే పక్కకు తప్పుకోకూడదని, తప్పుకుంటే మొక్కలు నలిగి దారి వెడల్పవుతుందని ఆమె తరచూ చెప్పేవారు. దానికి నాకు అభ్యంతరం లేదు. "గుర్రానికి బురదంటే భయముండదు, ఆ భయమంతా మన ప్యాంట్లదే" అన్న రెండో సూత్రానికి మాత్రం ఆధారం అడిగాను.

"చూద్దువుగాని నాయనా" అన్నారు.

మేం స్వారీ చేసే దారిలోకి గుర్రాలను ఇకపై రానివ్వాలా వద్దా అని తేల్చడానికి ఫారెస్ట్ రేంజర్ వచ్చిన రోజునే, ఆమె గుర్రం బురద ముందు మొరాయించింది. సూత్రం అక్కడికక్కడే వీగిపోయింది. నేను మర్యాదగా దగ్గాను. ఆంటీ కిందికి దిగి, మోకాలిలోతు బురదలో నడుస్తూ, "రామ్మా, నా పరువు తీయకే" అని బతిమాలుతూ దాన్ని అవతలికి నడిపించుకెళ్లారు. మేమంతా దిగి, ఆమె వెనకే ఒకే వరుసలో వెళ్లాం.

ఇవతల నిలబడి చూస్తున్న రేంజర్ ఆమెతో మాట్లాడటానికి పక్కనున్న మొక్కల మీదుగా అడుగు వేయబోయాడు.

"నో నో! మిడిల్, సర్, మిడిల్!"

ఆయన తన బూట్ల వంక ఒకసారి దిగులుగా చూసుకుని బురదలోకి దిగాడు. గుర్రాలకు దారి మూయడం లేదని, సరిగ్గా బురద నడిమధ్యన కాలు పీక్కుంటూ చెప్పాడు.