జుట్టుగద్దల లెక్క

చెట్టు మీద బతికేవాడికి నేల మీద వాళ్ళ నడినెత్తులే తప్ప మొహాలు కనిపించవు. అందుకేనేమో, ఊరంతా ఉడుత అని పిలిచే ఆ మనిషి కిందికి దిగాక కూడా ఎవరి మొహాన్నీ ఓ పట్టాన నమ్మేవాడు కాదు.

అతనికి యాభై రెండేళ్ళు. అటవీ ఆఫీసు తరఫున మానులెక్కి జుట్టుగద్దల గూళ్ళు చూసి రావడమే ఇరవై ఆరేళ్ళుగా అతని పని. జుట్టుగద్ద అంటే తల మీద ఈకలు నిక్కబొడుచుకునే పెద్ద వేటపక్షి. ఆ ఊరి పక్క అడవి పోతే దానికి ఇంకో దిక్కు లేదు. గూట్లో పచ్చి ఆకుల రెమ్మలు కనబడితే అక్కడ జంట ఉన్నట్టు. ఆ చెట్టు పేరిట ఉన్న కాగితం మీద ఉడుత ఒక ఆకు బొమ్మ గీసి ఆఫీసులో ఇచ్చేవాడు. కూడికలు ఆఫీసు వాళ్ళవి.

ఆ ఏడు కూడిక గోడకెక్కింది. నిరుడు తొమ్మిది జంటలు, ఈ ఏడు పన్నెండు. పది దాటితే పక్షి అంతరించే ప్రమాదం తగ్గినట్టే లెక్క. అలా తగ్గితే ఆ అడవి తూర్పు కొండవాలులో చెట్లు కొట్టకూడదన్న నిషేధం ఎత్తేస్తారు.

ఉడుత ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాడు. రెండేళ్ళకో పిల్లను పెంచే పక్షి, ఒక్క ఏడాదిలో మూడు జంటలు పెరిగిందా? ఇదేమన్నా కోళ్ళఫారమా? కాగితం తయారుచేసింది ఆ ఆఫీసులోనే గుమాస్తాగా ఉన్న అతని బావమరిది. ఈమధ్య గేటు దగ్గర కలప కోతమిల్లు మనిషితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. పైగా సొరుగుకి కొత్త తాళం.

"మీ తమ్ముడి కాళ్ళు చూశావా?" అన్నాడు ఇంటికెళ్ళి భార్యతో.

"ఏం, ఆరు వేళ్ళు మొలిచాయా?"

"కొత్త బూట్లు. ఎవరిచ్చారో?"

"నేనే కొనిచ్చాను. నన్ను కూడా అనుమానిస్తావా? కానీయ్, ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను."

మర్నాడు భోజనాల వేళ, గది ఖాళీగా ఉన్నప్పుడు, ఉడుత వెళ్ళి బావమరిది బల్ల ముందు నిలబడ్డాడు.

"సొరుగు తియ్యి."

"ఎందుకు బావా?"

"ఎందుకో తెలియకపోతే తాళం ఎందుకేశావు?"

"నీలాంటి బావలు ఉంటారనే." విసుక్కుంటూనే తాళం తీసి ఫైలు ముందు పడేశాడు. "చూసుకో. ఒక్క గీత నాది ఉంటే చెవి కోయించుకుంటా."

పన్నెండు కాగితాలు. పన్నెండు ఆకులు. తాడుకి వేలాడుతూ ఎడమచేత్తో గీసినందువల్ల తొడిమ వంకర, ఈనెలు ఒక పక్కే. ఆ బొమ్మను దొంగ గీయలేడు. అన్నీ అతనివే.

ఉడుత స్టూలు లాక్కుని కాగితాలు మళ్ళీ మొదటినుంచి తిరగేశాడు. మూడో కాగితం, ఎనిమిదో కాగితం ఒకే వాగు పక్క చెట్లవి. మధ్య దూరం మూడొందల అడుగులు. రెండు చోట్లా కుడి రెక్కలో ఈక ఊడిన ఆడపక్షి కనిపించింది. అక్కాచెల్లెళ్ళేమో అనుకున్నాడు! ఒకే జంట రెండు గూళ్ళకీ ఆకులు మోసి, చివరికి ఒకదాంట్లో గుడ్డు పెడుతుందని ఎవరో చెప్తే, అంత వెర్రి చాకిరీ ఏ పక్షి చేస్తుందని కొట్టిపారేశాడు. ఈ ఏడు కొత్త తాళ్ళు రావడంతో, ఎన్నడూ ఎక్కని మానులు కూడా ఎక్కి ఆకులు గీశాడు. అలాంటి చెట్ల జతలు ఇంకో రెండున్నాయి. అంటే పన్నెండు కాదు, తొమ్మిదే.

ఇద్దరూ కలిసి అధికారి గదికి వెళ్ళారు. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"పన్నెండని రాసిందీ నువ్వే, తొమ్మిదంటున్నదీ నువ్వే. తగ్గించమని నీకెవరు చెప్పారు?"

ఉడుత ఆ చూపును గుర్తుపట్టాడు. ఇంతకాలం తాను అందరినీ చూసిన చూపే అది. ఎదురుగా తగిలితే ఇలా ఉంటుందని తెలియదు.

"నివేదిక సోమవారం వెళ్తుంది," అన్నాడు అధికారి. "రెండు చెట్ల కింద ఇద్దరు నిలబడి, గడియారం చూసి రాసుకు రండి. ఒక్కడి మాట నేను తీసుకోను."

రెండో మనిషి ఎవరు? బావమరిదే.

తెల్లవారాక వాగు వెంట నడుస్తూ ఉడుత అన్నాడు: "నువ్వు నిజం రాస్తావని నమ్మకమేంటి?"

"నువ్వు రాసింది నమ్మబట్టే కదా బావా, నా కొత్త బూట్లు బురదలో దిగాయి."

చెరో చెట్టు కింద కూర్చున్నారు. తొమ్మిదీ పదికి ఉడుత నెత్తి మీది గూట్లోంచి, కుడి రెక్కలో ఈక లేని ఆడపక్షి ఆకురెమ్మ పట్టుకుని రెండో చెట్టు వైపు లేచింది. మధ్యాహ్నం దాకా ఆ గూటికి ఇంకో ఆడపక్షి రాలేదు. వాగు దగ్గర కలుసుకుని కాగితాలు మార్చుకున్నారు. బావమరిది కాగితంలో ఇలా ఉంది: తొమ్మిదీ పన్నెండు, రెమ్మతో వచ్చింది, కుడి రెక్కలో ఈక లేదు, మరో పక్షి లేదు.

మిగతా రెండు జతల దగ్గరా రెండు రోజులు అదే తంతు. అదే ఫలితం.

"తొమ్మిది," అన్నాడు బావమరిది, బూటు లోంచి నీళ్ళు వొంపుకుంటూ. "నిరుటి లెక్కే. తూర్పు వాలు దక్కింది, నీ పరువూ దక్కింది. పద, ఇంటికి పోదాం."

ఉడుత లేవలేదు.

"నిరుటి తొమ్మిదీ ఆకులు చూసి గీసినవేరా."

"అయితే?"

"ఏడే ఉన్నాయేమో. ఆరేనేమో. అంతకు ముందువి కూడా."

బావమరిది బూటు కింద పెట్టాడు. "నోరు మూసుకో బావా. ఇరవై ఆరేళ్ళ నీ పనంతా తప్పని చెప్పుకుంటావా? ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగరు. తొమ్మిదున్నాయని ధీమాగా కూర్చుంటారు, ఒక్కటీ మిగలని రోజు దాకా." కాగితం వైపు వేలు చూపించాడు. "రాయి. పాత లెక్కలేవీ నమ్మడానికి లేదు, అన్ని గూళ్ళూ ఇద్దరు మనుషులతో మళ్ళీ చూడాలి అని రాయి. పొరపాటు చెట్టెక్కినవాడిది అని కూడా."

"రాశాక వెనక్కి తీసుకోలేం."

"కింద నా సంతకం పెడతాను, నీకెందుకు?"

బావమరిది ఒక నిట్టూర్పు విడిచి రాశాడు. ఉడుత ఆ కాగితం లాక్కుని, చెప్పింది చెప్పినట్టు రాశాడో లేదోనని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివి, అప్పుడు సంతకం పెట్టాడు.