ఎర్రదారం కట్టిన గిన్నెలు

చలికాలంలో రోజూ ఉదయం ఆరింటికి ఆండాళ్ గారు చెంబుతో గోరువెచ్చని నీళ్లు పట్టుకుని బయటికి వచ్చేవారు. మన దేశానికి తలకిందులుగా, భూగోళం కింది సగంలో ఉన్న మా వెర్రిబీలో జూన్ వచ్చిందంటే కారు అద్దాల మీద మంచు పెచ్చు కడుతుంది. తన కారు అద్దం మీద పోసుకుని, మిగిలిన నీళ్లు మా కారు అద్దం మీద పోసి డ్యూటీకి వెళ్లిపోయేవారు. మరీ వేడిగా ఉంటే అద్దం చిట్లుతుందని నీళ్లలో వేలు ముంచి చూసి మరీ పోసేవారు. మా అద్దం మీద మంచు ఎందుకుండదో రెండేళ్ల దాకా నాకు తెలియలేదు. దేవుడి దయ అనుకునేదాన్ని. దయే, కాకపోతే పక్కింటి నుంచి వచ్చేది.

ఆవిడది బాపట్ల దగ్గర పల్లె, ఆచారం గల వైష్ణవుల ఇల్లు. ఇక్కడికొచ్చాక పదకొండేళ్లుగా ఒక వృద్ధాశ్రమం లాండ్రీలో పని. బయట మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదు. ఆ లాండ్రీలోనే సెలమావిత్ అనే ఇథియోపియా ఆవిడ పరిచయమైంది. దుప్పటి ఒక కొస ఈవిడ పట్టుకుంటే రెండో కొస ఆవిడ పట్టుకునేది. వాళ్ల చర్చి ఆచారం ప్రకారం సెలమావిత్ బుధ, శుక్రవారాలు ఉపవాసం. ఆ రోజుల్లో మాంసం, గుడ్డే కాదు, పాలు, నెయ్యి కూడా తాకదు. ఈవిడకి ఏకాదశులు. "ఇవాళ పస్తు నీకా, నాకా?" అని ఒకరినొకరు అడిగి నవ్వుకునేవారట.

రెండేళ్ల కిందట సెలమావిత్ ఉద్యోగం మాని, మాకు కారులో అరగంట దూరాన ఉన్న ఫుట్స్‌క్రేలో ఎనిమిది బల్లల హోటలు పెట్టింది. వాళ్ల ఉపవాసపు వంటల్లో మనం తినకూడనివి ఉల్లి, వెల్లుల్లి మాత్రమే. అయితే ఉల్లిపాయ వేగకుండా వాళ్లకు కూర మొదలే కాదు. ఆండాళ్ గారి కోసం ఆవిడ అదీ నేర్చుకుంది. నాలుగు కొత్త గిన్నెలు కొని, పిడులకు ఎర్రదారం కట్టి, వేరే అరలో పెట్టింది. ఆ అర మీద సొంత చెల్లెలిని కూడా చెయ్యి వెయ్యనివ్వదు. పుట్టి బుద్ధెరిగాక ఆండాళ్ గారు బయట భోంచేసింది అక్కడే.

మా సత్సంగం వార్షికోత్సవం ఆగస్టులో. వందమందికి భోజనం సెలమావిత్ చేత చేయిద్దామన్నది ఆండాళ్ గారే. సత్సంగం పెద్ద కృష్ణమూర్తి గారు, ముందు రుచి చూద్దామన్నారు. ఆయన చెడ్డవారు కారు. శనివారం శనివారం ముసలివాళ్లను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని గుడికి తీసుకెళ్లేది ఆయన కారే. ఒక శుక్రవారం ఆయన, భార్య లీల గారు, ఆండాళ్ గారు, నేను వెళ్లాం.

బల్ల మీదికి ఒకటే పెద్ద పళ్లెం వచ్చింది. పళ్లెం నిండా ఇంజెరా పరిచి ఉంది. మన పుల్లట్టుకి పెద్దక్క అనుకోండి. దాని మీద ఎర్రగా వండిన కందిపప్పు, ఆకుకూర, శనగపిండి కూర కుప్పలుగా పెట్టారు. అందరూ అందులోంచే తుంచుకుని తినాలి. కృష్ణమూర్తి గారు విడి పళ్లేలు అడిగారు. వెంటనే తెచ్చింది సెలమావిత్. వంటిల్లు చూద్దురు రండి, మీ గిన్నెలు వేరు అని పిలిచింది. ఆయన నవ్వి, పర్వాలేదన్నారు. నేనూ ఆండాళ్ గారూ వెళ్లి చూసి వచ్చాం.

మాకు గిన్నెలు చూపించి బల్ల దగ్గరికి రాగానే సెలమావిత్ ఇంజెరాలో పప్పు చుట్టి, వయసులో పెద్దవారని లీల గారి నోటి దగ్గర పెట్టింది. గౌరవించదలచిన అతిథికి మొదటి ముద్ద తమ చేత్తో పెట్టడం వాళ్ల మర్యాద. దాన్ని గుర్షా అంటారు. లీల గారు తల పక్కకు తిప్పి, ముద్ద చేతిలోకి తీసుకుని, పేపరు నాప్కిన్‌లో చుట్టేశారు. సెలమావిత్ చెయ్యి తుడుచుకుని కాఫీ కావాలా అని అడిగింది.

సోమవారం మా సత్సంగం ఫోన్ గ్రూపులో కృష్ణమూర్తి గారి మెసేజి వచ్చింది. అక్కడ మాంసం వండిన గిన్నెల్లోనే మన వంటా చేస్తున్నారనీ, శుభ్రం లేదనీ, చేత్తో అందరి నోట్లోనూ పెడుతున్నారనీ, కాబట్టి ఆర్డరు రద్దనీ, భక్తులెవరూ అటు వెళ్లవద్దనీ.

ఆండాళ్ గారు అది మూడుసార్లు చదివారు. నన్ను వెంటబెట్టుకుని తిన్నగా ఆయన ఇంటికి నడిచారు.

కృష్ణమూర్తి గారు శాంతంగానే మాట్లాడారు. వందమంది ఆచారం తన బాధ్యత అన్నారు. "ఆవిడకి ఇవన్నీ చెప్పి why hurt her, ఆండాళ్? ప్రోగ్రాం పోస్ట్‌పోన్ అయిందని చెప్పెయ్యి. నీ ఫ్రెండే కదా, నువ్వు చెప్తే నమ్ముతుంది."

"నమ్ముతుంది. అందుకే చెప్పను."

లీల గారికి కోపం వచ్చింది. "ఆవిడతో నాలుగు దుప్పట్లు మడతపెట్టగానే మడి మర్చిపోయినట్టున్నావు."

"నా మడి సంగతి మీకెందుకు వదినగారూ. ఉందో పోయిందో పెరుమాళ్లకి తెలుసు. లాండ్రీలో మొదటి ఏడాది ఆవిడ నాకూ ముద్ద పెట్టబోయింది. నేనూ మీలాగే కాగితంలో చుట్టి చెత్తబుట్టలో పడేశాను. ఆవిడ చూసింది. మర్నాడు విడిగా పళ్లెంలో పండ్లు పెట్టి, స్పూను కడిగి ఇచ్చింది. ఇన్నేళ్లలో ఆ మాట ఎత్తలేదు." ఆవిడ గొంతు పెరిగింది. "అన్నగారూ, మీకు వద్దంటే వద్దు, అది మీ ఇష్టం. కానీ గిన్నెలు చూద్దురు రమ్మంటే కుర్చీలోంచి లేవని మనిషి, ఆ గిన్నెల్లో మాంసం వండారని ఎలా రాశారు? పూజ చేసే చేత్తోనే రాశారా?"

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. పోనీ మెసేజి తీసేస్తానన్నారు. రెండొందలమంది చదివాక తీసి ఏం లాభం, తప్పు రాశానని రాయండి అన్నారీవిడ. అలా రాస్తే సత్సంగం పరువు పోతుందన్నారాయన.

ఆండాళ్ గారు లేచి చెప్పులు వేసుకున్నారు. బయట వాన పడుతోంది. తడుస్తున్నామని కూడా చూడకుండా నడుస్తున్నారు. ఆ పూటే సెలమావిత్ ఫోన్ చేసిందట, కందిపప్పు బస్తా వచ్చేసింది, ఎప్పుడు నానబెట్టమంటావని. ఈవిడ జవాబు చెప్పలేక పెట్టేశారట. ఇంకో ఆంటీ అయితే ఏడ్చేసేవారు. ఈవిడ పళ్లు బిగించారు.

మా కారు దగ్గర ఆగి, నా చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మాయ్, నాకో సాయం చెయ్యి. ఇప్పుడే ఫుట్స్‌క్రే తీసుకెళ్లు. కోపం వస్తే నాకు ఇంగ్లీషు రాదు. ఆయన రాసిందంతా మొదటి నుంచి చివరి దాకా నువ్వే సెలమావిత్‌కి చదివి చెప్పాలి. మెత్తటి దానివి, నాకు తెలుసు. ఒక్క మాట కూడా మెత్తబరచకు."