తీసుకున్నవాళ్లకు తెలియని దానం

ఆమెను ఊరంతా నర్సమ్మ అనే పిలిచేది. రాగి గని పక్కనున్న ప్రభుత్వాసుపత్రిలో ఊపిరితిత్తుల వార్డును సొంత ఇల్లులా ఏలి రిటైరైంది. గని దుమ్ము మింగి వచ్చినవాళ్లతో ఆ వార్డు ఎప్పుడూ కిటకిటలాడేది. ఒక్క ఆక్సిజన్ సిలిండర్‌ను రెండు మంచాల మధ్య అటూ ఇటూ జరపాల్సి వచ్చేది. ఎవరికి పెట్టాలో, ఎవరిని కాసేపు ఓర్చుకోమనాలో తేల్చే పాపం ఆమె నెత్తిన పడేది.

సిలిండర్లు ఎందుకు లేవని జిల్లా ఆఫీసులో అడిగితే, కంపెనీ ఏమీ ఇవ్వడం లేదన్నారు. కంపెనీ గేటు దగ్గర అడిగితే, ప్రభుత్వానికి కోట్లు కడుతున్నామన్నారు. ఎంతయ్యా అంటే, అది బయటికి చెప్పేది కాదన్నారు. ఇద్దరూ కలిసి ఆమెతో బంతాట ఆడుకున్నారు.

దారి చూపింది నగరం నుంచి వచ్చిన ఒక లాయరమ్మ. గనుల కంపెనీలూ చమురు కంపెనీలూ ఏ ప్రభుత్వానికి ఎంత కడుతున్నాయో బయటపెట్టాలని ఆవిడ బృందం ఏళ్లుగా పోరాడుతోంది. గని కంపెనీ వాటాలు కొద్దిగా కొంటే చాలు, ఏటా జరిగే వాటాదారుల సమావేశంలో లేచి అడిగే హక్కు వస్తుందని చెప్పింది. నర్సమ్మ వెనకాముందూ చూడకుండా కొనేసింది. అదే గనిలో లారీ నడిపే తమ్ముడు విషయం తెలిసి, తన ఉద్యోగం పోతుందని పరుగెత్తుకొచ్చాడు.

"నా నోట్లో మట్టి కొడతావా అక్కా?" అన్నాడు. ఆ తర్వాత ఆమె గడప తొక్కడం మానేశాడు.

సమావేశం పెద్ద హోటల్లో జరిగింది. తెల్ల గుడ్డలు తొడిగిన కుర్చీలు, ఎముకలు కొరికే ఏసీ. ఛైర్మన్ వెనక తెరమీద తళతళలాడే వార్డు బొమ్మ పడింది. కింద తమ ఊరి ఆసుపత్రి పేరే ఉంది. అలాంటి వార్డును నర్సమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒళ్లంతా కారం రాసినట్టయింది. మైకు అందగానే, తమ జిల్లాకు కట్టింది ఎంతో చెప్పమంది.

"వ్యాపార రహస్యాలు ఉంటాయి, పెద్దమ్మగారూ," అన్నాడు ఛైర్మన్, పసిపిల్లను బుజ్జగిస్తున్నట్టు.

"ఎవరి దగ్గర దాస్తున్నారు బాబూ? ఇచ్చింది మాకేనంటున్నారు కదా. తీసుకున్నవాళ్లకు తెలియకుండా ఎలా ఇచ్చారు?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె మైకు ఆపేశారు. అప్పుడు ముందు వరసలోంచి, కంపెనీలో పెద్ద వాటా ఉన్న ఒక పింఛన్ల నిధి మేనేజరు లేచి, తన వంతులో ఆమె ప్రశ్నే అడుగుతున్నానన్నాడు. లెక్క దాచే కంపెనీలో ముసలివాళ్ల పొదుపు సొమ్ము పెట్టి తాము నిశ్చింతగా ఎలా ఉండగలమని నిలదీశాడు. లెక్కలు బయటపెట్టాలని లాయరమ్మ బృందం పెట్టించిన తీర్మానం మాత్రం ఓటింగులో వీగిపోయింది. బయట వరండాలో అతను మెచ్చుకోబోతే నర్సమ్మ అడ్డుకుంది.

"మీ మాట చెల్లుతుందని తెలిసి కూడా ఇన్నేళ్లూ ఎందుకు కూర్చున్నారు?"

మరుసటి ఏడు అతను ఇంకొన్ని పింఛన్ల నిధుల వాళ్లను కూడగట్టుకుని వచ్చాడు. తీర్మానం నెగ్గింది. కంపెనీ గొణుక్కుంటూనే లెక్కలు బయటపెట్టింది. ఆసుపత్రి పేరు చెప్పి కట్టిన సొమ్ము ఏటా జిల్లా అభివృద్ధి నిధికి చేరుతూనే ఉంది. అక్కణ్ణుంచి వార్డుకు చిల్లిగవ్వ రాలేదు. కంపెనీకి ఆ సంగతి తెలుసు. తెలిసే సమావేశంలో ఆ వార్డు బొమ్మ వేసింది.

నర్సమ్మ ఆ లెక్కలు పట్టుకుని నేరుగా జిల్లా ఆఫీసుకు వెళ్లింది. పెద్దాయన మీటింగులో ఉన్నారని గుమస్తా చెప్పాడు. వచ్చేదాకా కదలనని వరండాలో బెంచీ మీద చతికిలబడింది. నర్సమ్మ ఆఫీసులో కూర్చుందన్న కబురు గని దాకా పాకింది. మధ్యాహ్నం డ్యూటీ దిగి, మాసిన యూనిఫారంతోనే తమ్ముడు వచ్చాడు. నేరుగా బెంచీ దగ్గరికి నడిచాడు.

"కాస్త జరుగక్కా," అన్నాడు.

ఆమె జరిగింది. గుమస్తా మరోసారి తొంగిచూసేసరికి గని బట్టల్లో ఇంకొందరు మెట్లెక్కుతున్నారు.