కప్పపిల్లల మేత

నేను ఉద్యోగ విరమణ చేయడానికి ముందటి వానాకాలం. సిరిసిల్ల నుంచి కోరుట్లకు మలేరియా సబ్ యూనిట్ ఆఫీసరుగా బదిలీ మీద వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. హోదాలో మలేరియా అని ఉన్నా మా పని అన్ని జాతుల దోమలతోనూ. జగిత్యాలలో జిల్లా అధికారి, కింద ఇల్లిల్లూ తిరిగే హెల్త్ అసిస్టెంట్లు, నడుమ నేను. చీవాట్లు పైనుంచి కిందికి, సాకులు కిందనుంచి పైకి నా మీదుగానే పోయేవి.

ఆగస్టులో బీడీలు చేసేవాళ్ల గల్లీలో ఒక డెంగీ కేసు తేలింది. స్రవంతి అనే హైస్కూలు పిల్ల. ప్లేట్‌లెట్లు పడిపోతే జగిత్యాల ఆస్పత్రిలో చేర్చారు. కేసు వచ్చిన చోట మేము చేసేది ఇది: చుట్టుపక్కల ఇళ్లలో నీళ్లు నిలిచిన ప్రతి పాత్రా చూడాలి, నీళ్లు పట్టే గోలెం మొదలుకొని కొబ్బరిచిప్ప దాకా. దోమ పురుగు, అంటే లార్వా, కనిపిస్తే ఆ పాత్రను 'పాజిటివ్' అంటాం. అక్కడికక్కడే పారబోయాలి. సాయంత్రం గల్లీలో పొగ కొట్టాలి.

మేము వెళ్లేసరికి స్రవంతి తల్లి లావణ్య బట్టలు తీసుకుపోవడానికి ఆస్పత్రి నుంచి వచ్చి ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది. పక్కింటి వైపు చెయ్యి చూపించి, "సారూ, ముందుగాల గా ఇంట్లకు పోండ్రి. గా లచ్చవ్వ దోమలు పెంచుతాంది" అంది. కోపంలో అన్న మాటేమో అనుకున్నాను.

తీరా చూస్తే నిజంగానే పెంచుతోంది.

లచ్చవ్వ బీడీలు చుట్టి బతికే ఒంటరి మనిషి. వాకిట్లో గోలెం తళతళలాడుతోంది, చుక్క నీరు వృథాగా నిలవలేదు. మా శాఖ మెచ్చుకునే ఇల్లు. అయితే వసారాలో దోమతెర చుట్టిన ప్లాస్టిక్ బుట్ట, అందులో కరివేపాకు కొమ్మలు, ఆ కొమ్మలకు అతుక్కుని చిటికెనవేలి గోరంత కప్పపిల్లలు. చెట్టుకప్ప పిల్లలు. పక్కన పచ్చడి సీసా. దాని మూతికి వలగుడ్డ వేసి బీడీలకు కట్టే దారంతో బిగించింది. సీసా నీళ్లలో పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

ఇదేమిటని అడిగితే ఆమె ఏమాత్రం బెదరలేదు.

"మీరే గదా సారూ వారానికోసారి గోలెం కడుగుమన్నది? కడిగిన. గోలెం అంచుకు నురగముద్ద ఉండె. పారబోద్దామని తీస్తే అండ్ల పానాలు కదులుతున్నయి. ఎట్ల పారబోస్త?"

నురగముద్ద చెట్టుకప్ప గుడ్ల గూడు. అది ఆమె తొట్టిలో వేసింది. తోకకప్పలు దిగాయి. ఉడకబెట్టిన పాలకూర పెడితే తిన్నాయి. కాళ్లు వచ్చి, తోకలు పోయి, కొమ్మలెక్కాక ఆకు ముట్టడం మానేశాయి. అన్నం మెతుకు పెట్టింది, గుడ్డు సొన పెట్టింది, చూడనైనా చూడలేదు. కదిలేదాన్నే తింటాయని అప్పుడు గ్రహించింది. అరటి తొక్కలు కుళ్లబెట్టి చిన్న ఈగలను రప్పించింది. పిల్లలు కడుపునిండా తిన్నాయి. వాసన వస్తోందని గల్లీ అంతా, అందరికంటే ముందు లావణ్య, గొడవకు దిగింది. తొక్కలు పారేసి, వాసన లేని మేత ఏదా అని ఆలోచించి దోమల దగ్గరికి వచ్చింది. సీసాలో నీళ్లు నిలవబెట్టి, పురుగు పడ్డాక మూతి కట్టి, రెక్కలొచ్చిన దోమలను బుట్టలోకి వదులుతోంది.

ఎక్కడ మొదలుపెట్టినా తప్పు ఇంకొకరి వాకిట్లోకి పోతోంది. తిరిగి తిరిగి మా శాఖ గడపలోకే వచ్చింది. తిలా పాపం తలా పిడికెడు.

కొన్ని పురుగులను తెల్లటి పళ్లెంలో పోసి చూశాను. డెంగీ దోమవే. వలగుడ్డను భూతద్దంతో వెతికాను, చిల్లు లేదు. రెక్కలొచ్చిన దోమలను బుట్టలోకి వదిలేటప్పుడు ఒకటీ అరా తప్పించుకోవా అని అడిగాను. "పోతే పోయి ఉండొచ్చు సారూ, నేను లెక్కవెట్టిన్నా?" అంది. సీసా పెట్టింది పిల్లకు జ్వరం వచ్చాకే అని లచ్చవ్వ, ముందే అని లావణ్య. ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. ఇంతలో మా అసిస్టెంటు వచ్చి, లావణ్య ఇంట్లో ఫ్రిజ్ వెనకాల ట్రేలోనూ అవే పురుగులున్నాయని చెవిలో చెప్పాడు.

జగిత్యాలలో జిల్లా అధికారికి ఫోన్ చేశాను. సారు మొదట పగలబడి నవ్వారు. తర్వాత కప్పల్ని, సీసాని రెండింటినీ తీసేయమన్నారు. అంతలోనే, చెరువుల్లో దోమల్ని తినడానికి గంబూసియా చేపల్ని వదిలేది మనమే కదా, కప్పల్ని ఎలా తీసేస్తామన్నారు. చివరికి మీరే చూసుకోండని పెట్టేశారు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

తెలిసిన పని ఒక్కటే. అందరి ముందూ సీసా ఒంపేశాను, ట్రే కూడా కడిగించాను. ట్రే సంగతి లావణ్యకు చెప్పక తప్పలేదు. ఆమె గడప మీద కూలబడింది.

లచ్చవ్వ ఖాళీ సీసా వైపు చూసి, "మరి ఇవేం తినాలె సారూ?" అంది.

చెట్టు మీద వదిలేయమన్నాను.

"పొద్దుమీకి మీరు పొగ గొడ్తరు గదా. బతుకుతయా?"

బతకవు. ఆ పొగ దోమకూ కప్పపిల్లకూ తేడా చూడదు. దోమల శాఖలో జుట్టు నెరిసిన నాకు కప్పపిల్లకు ఏం పెట్టాలో తెలియదు. సిగ్గేసింది, చిరాకూ వేసింది.

మాట లావణ్య దగ్గర్నుంచి వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"తొక్కలే పెట్టుకో అవ్వా. వాసనస్తే నేను కిటికి ఏసుకుంట. దోమ మాత్రం వద్దు."

బట్టల సంచి తీసుకుని జగిత్యాల బస్సుకు పోయింది. సాయంత్రం పొగ కొట్టేటప్పుడు లచ్చవ్వ బుట్టను లోపలి అర్రలో పెట్టి, తలుపు సందుల్లో తడిబట్టలు కుక్కింది. తర్వాత స్రవంతి కోలుకుని ఇంటికి వచ్చింది. మళ్లీ తనిఖీకి వెళితే బుట్ట ఖాళీగా ఉంది, పెద్దవైన కప్పలను లచ్చవ్వ చెట్టెక్కించేసిందట. గల్లీలో అరటి తొక్కల వాసన ఇంకా ఉంది. లావణ్య ఇంటి కిటికీ వేసే ఉంది.

ఆ పిల్లను కుట్టిన దోమ సీసాదో, ట్రేదో, ఇంకెక్కడిదో నాకు నేటికీ తెలియదు. తెలిసింది ఒక్కటే. పారబోయమని చెప్పి వచ్చేయడంతో మా పని అయిపోదు. చేతులు రాక పారబోయలేనిది ఏదైనా ఉందా, ఉంటే ఎక్కడ దాచారు అని కూడా అడగాలి. ఉద్యోగం ముగిసేదాకా ప్రతి ఇంట్లోనూ ఆ ప్రశ్న అడిగాను.