వంతెనకు సున్నం వేసిన ఊరు

సివిల్ డిప్లొమా అయ్యాక నిజామాబాద్‌లోని రోడ్ల ఆఫీసులో అప్రెంటిస్‌గా చేరాను. వంతెనలకు కూడా మార్కులు వేస్తారని అక్కడే మొదటిసారి తెలిసింది. సున్నా నుంచి తొమ్మిది దాకా. తొమ్మిది అంటే కొత్తదానిలా ఉందని, సున్నా అంటే దాని మీద ఎవరూ అడుగు పెట్టకూడదని. ఇన్నేళ్లలో బస్సు కిటికీ పక్కన కూర్చుని ఎన్ని వంతెనలు దాటానో, ఒక్కదాని అంకె కూడా నాకు తెలియదని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. ఆ తర్వాత ఏ వంతెన ఎక్కినా దీనికి ఎంత వేసి ఉంటారా అన్న ధ్యాసే.

వానలు తగ్గాక బోధన్ దిక్కున ఒక వాగు మీది వంతెన తనిఖీకి వచ్చింది. అది మా మేనత్త ఊరి వంతెన. అత్త బీడీలు చుడుతుంది. వారానికి రెండుసార్లు గంపతో బస్సెక్కి, ఆ వంతెన దాటి, కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి ఆకు, తంబాకు తెచ్చుకుంటుంది. బస్సుకు వేరే దారి లేదు. తనిఖీకి వస్తున్నామని, మార్కులు వేస్తారని పదిహేను రోజుల ముందే ఫోన్‌లో అత్త దగ్గర నోరు జారాను.

"పిల్లా, తక్కువేస్తే బస్సు బంద్ జేస్తరట గదా. జర సూసి ఎయ్యుర్రి."

"నేనెయ్యనత్తా, మేడం ఏస్తది. నేను రాసుకుంటనంతే."

"రాసేదానివి నువ్వే గదనే. ఆరును తిరగేస్తే తొమ్మిదైతది, ఎంత సేపు?"

అత్త ఊరంతా చెప్పినట్టుంది, మేం వెళ్లేసరికి వంతెన తెల్లగా మెరుస్తోంది. పిట్టగోడలకే కాదు, వాగులోకి దిగి, నిచ్చెనలు వేసుకుని స్తంభాలకు కూడా సున్నం కొట్టారు. అంచులకు ఎర్రగా జాజు పూశారు. ఊరి పెద్దమనిషి ఒకాయన ఎదురొచ్చి నమస్తే పెట్టాడు.

"సూడుర్రి మేడం, పెండ్లికొడుకు లెక్క తయారు జేసినం."

మేడం మా ఇంజినీరు. ఆమె నవ్వలేదు. "పోయినసారి స్తంభాల మీద పగుళ్ల కొసలకు ఎర్రరంగు గీతలు పెట్టి పోయినం. అవేవి?"

"గవి మరకలనుకున్నం మేడం. రెండు పూతలేస్తే గని పోలె."

పగులు ఎక్కడి దాకా ఉందో గీత పెట్టి పోతే, తర్వాత వచ్చినప్పుడు గీత దాటిందో లేదో తెలుస్తుంది. ఇప్పుడు గీతా లేదు, పగులూ కనిపించదు. మేడం సుత్తి తీసుకుని పని మొదలుపెట్టింది. గట్టి కాంక్రీటు టంగుమంటుంది. లోపల విడిపోయినదైతే డొల్లగా పలుకుతుంది. ఆ తేడా పట్టుకోవాలని చెవులు రిక్కించుకుని వెనకే నడిచాను. పై స్లాబుకు ఏడు, దాన్ని మోసే దూలాలకు ఆరు. రాసుకున్నాను.

రెండో స్తంభం పక్కకు వెళ్లినప్పుడు, పైన దూలం ఆనే చోట సున్నంలో సన్నటి గీత కనిపించింది. అప్పుడే వంతెన మీద చెరుకు ట్రాక్టరు వెళ్లింది. ఆ గీతలోంచి చిటికెడు పొడి రాలి నా పుస్తకం మీద పడింది.

మేడం అవతలి వైపు ఉంది. పైన పిట్టగోడ దగ్గర అత్త వంగి నన్నే చూస్తోంది. పుస్తకం మీది పొడి దులిపి, ఆ గీత వంక మళ్లీ ఒకసారి చూశాను.

"మేడం, ఇక్కడ సున్నం చీలింది."

మేడం నిచ్చెనెక్కి చాలాసేపు చూసింది. "కదలని పగులైతే సున్నం దాన్ని పూడ్చి ఊకునేది. సున్నం ఎండినంక చీలిందంటే ఇది ఇప్పటికీ కదులుతున్నట్టే. గీతలు పోగొట్టినరు గని, వీళ్ల సున్నమే చూపెట్టింది." సున్నం గీకి, పగులు వెడల్పు కొలిచి, "స్తంభాలకు నాలుగు" అంది.

నేను సగటు తీస్తున్నాను. ఆరుకు దగ్గరగా వస్తోంది.

"సగటు గాదు. అన్నిటికన్న తక్కువదే బ్రిడ్జి అంకె."

పైకి రాగానే అత్త పట్టుకుంది. "ఎంతేసిండ్రు?"

"నాలుగు."

"ఏడు గూడ వచ్చిందట గదనే, అదేం పాయె?"

"కార్ఖానల కట్టలు సూసేటోడు ఒక్క బీడీ వదులుంటె ఏం జేస్తడత్తా?"

"కట్టకు కట్ట పక్కకేస్తడు, వాడు..." అత్త మాట తుంచి నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు గూడ వాని లెక్కనే అయినవు" అని మొహం తిప్పుకుంది.

నాలుగు అంటే వంతెన రేపే పడుతుందని కాదట. బరువు తగ్గించి బాగుచేయాలని అర్థమట. తిరిగి వచ్చేటప్పుడు దారంతా మేడంను అడుగుతూనే ఉన్నాను. బస్సు సంగతి మాత్రం అన్నిటికన్నా చివర అడిగాను.

మరమ్మతు అయ్యేదాకా లోడు బండ్లు బంద్ చేశారు. బస్సును మాత్రం ఖాళీగా మెల్లగా దాటించవచ్చన్నారు. నెల తర్వాత నేను ఆ బస్సులో అత్త దగ్గరికి వెళ్లి, మర్నాడు ఆమెతోనే తిరుగు బస్సెక్కాను. వంతెన రాగానే కండక్టరు అందరినీ దింపాడు. గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు నడుస్తుంటే, వెనక బస్సు పెండ్లి బారాత్‌లా పాకుతూ వచ్చింది.

"మీ కోడలు పుణ్యాన మా మోకాళ్లు అరుగుతున్నయి" అంది ఒకామె అత్తతో.

"బస్సయితే వస్తుంది గదా. నడువు" అంది అత్త.

వంతెన మధ్యలో అత్త గంప దించి పిట్టగోడ మీదుగా కిందికి వంగింది. నేను పట్టుకోబోతే చేయి విదిలించింది.

"ఈడికెల్లి ఏం కనబడ్తలేదు. మల్ల సూడనీకి వచ్చినప్పుడు నన్ను గూడ కిందికి తీస్కపో. ఆ పగులు ఎంత పెరిగిందో నేను గూడ సూస్త."